ఆంగ్ల జాతీయములు – వజ్రకరూరు నేల

ఒక వాక్యములోని ప్రతి మాటకును అర్థము తెలిసియుండియు, ఆ వాక్యము మాత్రము అర్థము గాకపోవుట కలదు. ‘వాడు కాలికి బుద్ధి చెప్పెను’ అన్నచో, వాడు పారిపోయినాడని మన పల్లెలోని పసివానికి కూడ తెలియును. తెలుగు నేర్చుకొనుచున్న పరదేశికి కాలు తెలియును, బుద్ధి తెలియును, చెప్పుట తెలియును. పారిపోవుట మాత్రము ఆ మాటలలో నెక్కడను కనబడదు. ‘నీళ్లు నమలుచున్నాడు’ అన్నచో అతనికి మరింత చిక్కు. నీళ్లను త్రాగుదురు గాని నములుదురా యని యడుగును. ఇట్టి పలుకుబళ్లను మనము జాతీయములందుము. వీనికి నుడికారమనియు పేరు.

ఇంగ్లీషు చదువుకొను మన పిల్లలకు ఎదురగు కష్టము సరిగా ఇట్టిదే. వ్యాకరణము కంఠస్థమైనను, నిఘంటువు చేతనున్నను, ఆంగ్ల జాతీయము అడ్డము వచ్చినపుడు బండి నిలిచిపోవును. అందుచేత ‘సామాన్యమైన ఆంగ్ల జాతీయములు – వాని అర్థములు’ అను పట్టికలు పాఠ్యపుస్తకముల చివరను, పరీక్షల పుస్తకములలోను దర్శనమిచ్చుచుండును. ఎడమవైపు జాతీయము, కుడివైపు అర్థము. పిల్లలు వానిని వల్లించుచుందురు. ఈ ప్రసంగములో మేము అట్టి పట్టిక నొకదానిని చదువబోవుట లేదు. జాతీయము గాలిలో పుట్టదు. అది ఒక నేలమీద, ఒక వాతావరణములో, ఒక వృత్తిలో పుట్టును. ఆ నేలను ఎరిగినచో అర్థమును వల్లింపనక్కరలేదు. ఈ సంగతిని పరిశీలించుటకై మేము లండను నగరమునకు పోక, అనంతపురము జిల్లాలోని వజ్రకరూరును ఎన్నుకొంటిమి. కారణము ముందు ముందు విశదమగును.

వజ్రకరూరు గుంతకల్లుకు, ఉరవకొండకు చేరువనున్న ఊరు. ఊరి పేరులోనే వజ్రమున్నది. కాని ఆ ఊరి రైతు దినదినమును తలచుకొనునది వజ్రమును గాదు, వానను. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించుటచేతను, తూర్పు తీరము దూరమగుటచే ఈశాన్య ఋతుపవనము ఇచ్చటికి చేరునప్పటికి సన్నగిల్లుటచేతను, అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. దేశములో మిక్కిలి తక్కువ వానపడు జిల్లాలలో ఇది యొకటి. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన మహాక్షామమును ఇచ్చటివారు ఆ తెలుగు సంవత్సరము పేరుతో ధాత కరవని పిలిచిరి. ఆ పేరు తరతరములుగా జనుల నోట నిలిచినది.

ఇట్టి నేలమీద నిలిచి, వానను గూర్చి ఇంగ్లీషువారు చెప్పుకొను మాటలను కొన్నింటిని విందము. ‘రెయినీ డే కొరకు దాచుకొనుము’ అనునది వారి హితవు. మాటకు మాట తెలిగించినచో ‘వానదినము కొరకు దాచుకొనుము’ అని యగును. ఇంగ్లండు రైతుకు వాన కొరత లేదు. అక్కడ వానదినమనగా పని నిలిచిపోవు దినము, కూలివానికి కూలి దొరకని దినము, చీకటి దినము. కావున కష్టకాలమునకు అది గుర్తయినది. వజ్రకరూరు రైతునకు వానదినము పండుగ దినము. విత్తనము నేలబడు దినము. వానదినము కొరకు ధనము దాచుకొనుమని యతనికి చెప్పినచో, ‘విత్తనములు కొనుటకు కాబోలు’ అనుకొనును. హితవు తలక్రిందులైనది. ‘కరవునకు దాచుకొనుము’ అని చెప్పినచో ఇంగ్లీషువాని భావము చెక్కుచెదరక అతనికి చేరును. మాట మారినది, అర్థము నిలిచినది.

‘ఇట్ నెవర్ రెయిన్స్ బట్ ఇట్ పోర్స్’ అని వేరొక పలుకుబడి. కురిసినచో కుండపోతయే గాని చినుకు లేదని మాటల అర్థము. ఆపదలు ఒంటరిగా రావని భావము. అందులకు మనకు ‘గోరుచుట్టుపై రోకటిపోటు’ ఉన్నది. ‘మూలుగుచున్న నక్కపై తాటిపండు’ ఉన్నది. రోకలి మన ఇంటిది, తాటిచెట్టు మన పొలిమేరది. ‘ఫెయిర్ వెదర్ ఫ్రెండ్’ అనగా ఆకాశము నిర్మలముగా నున్నంతవరకే తోడుండు మిత్రుడు. కలిమి యున్నన్నాళ్లు ఉండి, లేమి రాగానే తొలగిపోవువాడు. మబ్బులేని ఆకాశము వారికి సుఖచిహ్నము. మబ్బులేని ఆకాశమును చూచి ఆషాఢములో అనంతపురపు రైతు సంతోషించునా? అతనికి ఆ మాట చెప్పవలసివచ్చినచో, చెరువు నిండినపుడు చేరు కప్పలను తలచుట మేలు. అది మనకు తెలిసిన పోలికయే.

వేడిమి, చల్లదనముల సంగతియు ఇట్టిదే. ఇంగ్లండులో చలి శత్రువు, వెచ్చదనము మిత్రుడు. కావున వారు ఆదరమును ‘వార్మ్’ అందురు, అనాదరమును ‘కోల్డ్’ అందురు. అతిథిని ఆదరముతో పిలుచుట ‘వార్మ్ వెల్కమ్’. ముఖము చాటుచేయుట ‘కోల్డ్ షోల్డర్’. మన దేశములో, అందులోను మేనెల ఎండలు మండు ఈ పీఠభూమిలో, చల్లదనమే మిత్రుడు. పెద్దలు ‘చల్లగా ఉండు నాయనా’ అని దీవింతురు. ‘నీ కడుపు చల్లగా’ అందురు. ‘చల్లని చూపు’, ‘చల్లని తల్లి’ అని కొలుతురు. ఈ దీవెనను మాటకు మాట ఇంగ్లీషు చేసినచో అది శాపమువలె వినబడును. వారి ‘వార్మ్ వెల్కమ్’ను ‘వెచ్చని స్వాగతము’ అని తెలిగించినచో, ఎండకు వాడివచ్చిన అతిథికి మరికొంత సెగ తగిలించినట్లగును. ‘ఆదరపూర్వకమైన స్వాగతము’ అనుట చాలును.

మన పలుకుబడి మాత్రము పరదేశికి సులభమా? వజ్రకరూరు ప్రాంతమున మంచి వాన కురిసిన పిమ్మట రైతు ‘పదునైనది’ అనును. విత్తుటకు తగినంత తడి నేలలో దిగినదని అతని భావము. పదును అనగా కత్తికుండు వాడి యనియు అర్థమున్నది. నిఘంటువును నమ్మిన పరదేశి ‘నేల వాడియైనది’ అని వ్రాసికొనును. అతనిని చూచి మనము నవ్వుకొందుము గాని, ‘వానదినము’ అని వ్రాసిన మన పిల్లవాడును అదే త్రోవలో పోయినవాడే.

ఇంతవరకు చెప్పినది వానను గూర్చి. వజ్రమును గూర్చి చెప్పబోవునది దీనికంటె చిత్రమైనది. ఎందుకనగా, ఇంగ్లీషువారు తమ సొత్తని తలచు కొన్ని జాతీయములకు మూలము తెలుగునేల లోపల నున్నది.

పదమూడవ శతాబ్ది చివరను మార్కోపోలో అను వెనీసు యాత్రికుడు ‘ముత్ఫిలి’ అను రాజ్యమును వర్ణించెను. అది కృష్ణకు దక్షిణమున సముద్రతీరమునగల మోటుపల్లి యనియు, అతడు పొగడిన రాణి కాకతి రుద్రమదేవి యనియు చరిత్రకారులు గుర్తించిరి. అచ్చటి కొండలమీద వానలు కురిసి వరదలు తగ్గిన పిదప, జనులు వాగుల అడుగున వజ్రములను వెదకుదురని అతడు వ్రాసెను. పాములు నిండిన లోయలలోనికి మాంసఖండములను విసరుదురనియు, వజ్రములంటిన ఆ మాంసమును గ్రద్దలు పైకి తెచ్చుననియు ఒక కట్టుకథను కూడ చేర్చెను. కథ మాట యటుండనిండు. వాన వెలిసిన పిమ్మట వజ్రములను వెదకుట మాత్రము కథ కాదు. నేటికిని తొలకరి జల్లులు పడగానే వజ్రకరూరు చేలలోను, ఇరుగుపొరుగున కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర ప్రాంతములలోను జనులు వంగిన నడుము ఎత్తక రాళ్లు ఏరుచుందురు. వాన పైమట్టిని కడిగివేయగా, రాయి మెరయును. దొరకిన వానికి కరవు తీరును, దొరకనివారే పెక్కుమంది.

పదునారవ శతాబ్దిలో విజయనగరమున నివసించిన నూనిజ్ అను పోర్చుగీసువాడు వజ్రపు గనులను గూర్చి ఒక కట్టడిని పేర్కొనెను. ఇరువది మాంగెలిన్‌లకు మించి తూగు వజ్రములు రాజునకే చెందవలెను. ఈ మాటలు గుత్తిసీమ గనులకు వర్తించునని చరిత్రకారుల ఊహ. ఇచ్చట మనము గమనింపవలసినది ఆ తూకపు పేరు. మాంగెలిన్ అనునది మన మంజాడి గింజ పేరే. పోర్చుగీసువారు పలికినట్లు వంకరపోయి, ఆ మాట ఇంగ్లీషు నిఘంటువులకు ఎక్కినది. గింజలతో రత్నములను తూచుట మన దేశమునందే గాదు. నేడు ప్రపంచమంతట వాడుకలోనున్న కారటు కూడ ఒకానొక చెట్టు గింజయే. గ్రీకుల మాట అరబ్బీవారి నోటబడి ఐరోపాకు పోయినది. ఇప్పుడు కారటనగా 200 మిల్లీగ్రాములు.

పదునేడవ శతాబ్దిలో టావర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు పలుమారులు మన దేశమునకు వచ్చి, కృష్ణాతీరమునగల కొల్లూరు గనిని కన్నులార చూచెను. అచ్చట దాదాపు అరువది వేలమంది పనిచేయుచుండిరని వ్రాసెను. 1676లో ప్రకటితమైన అతని యాత్రాగ్రంథము ఐరోపా అంతట వ్యాపించెను. గనులు కృష్ణాతీరమునను, కర్నూలు అనంతపురము సీమలలోను ఉన్నవి. గోలకొండలో వజ్రపు గని లేదు. అది కోట, రాజధాని, వర్తకస్థానము. అయినను వజ్రములు ఆ పేరుతోనే సముద్రము దాటినవి. 1720ల ప్రాంతమున బ్రెజిలులో వజ్రములు బయటపడువరకు లోకమునకు వజ్రములనిచ్చినది ముఖ్యముగా మన దేశమే. కావున పదునెనిమిదవ శతాబ్ది నుండి ఇంగ్లీషులో ‘గోల్కొండ’ అను మాట సామాన్యనామమైనది. తరుగని సంపదగల చోటునెల్ల ‘ఒక గోల్కొండ’ అనసాగిరి. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రమున ఒక గోల్కొండ కలదు. నెవాడా రాష్ట్రమున మరియొకటి కలదు. గోలకొండ యెక్కడనున్నదో ఎరుగనివారును ఆ పేరు పెట్టుకొనిరి. జాతీయమునకు ఇంతటి బలమున్నది. కాని గని తవ్విన ఊళ్ల పేర్లు మాత్రము ఆ జాతీయములో చేరలేదు.

ఇంక ‘ఆఫ్ ది ఫస్ట్ వాటర్’ అను పలుకుబడిని చూతము. మాటల అర్థము ‘మొదటి నీటిది’ అని. భావము ‘మిక్కిలి మేలైనది, మొదటి తరగతిది’ అని. రానురాను దీనిని నిందకు కూడ వాడుచున్నారు. ‘మొదటి నీటి మోసగాడు’ అన్నచో, మోసములో వానిని మించినవాడు లేడని. ఈ నీరు ఎక్కడిది? ఇది వజ్రపు నీరు. రత్నవర్తకులు వజ్రములోని స్వచ్ఛతను, వెలుగును ‘నీరు’ అందురు. మచ్చలేక తేటనీటివలె నున్నది మొదటి నీటిది. తరువాతివి రెండవ, మూడవ నీటివి. ఈ వాడుక అరబ్బీ వర్తకుల నుండి ఐరోపాకు చేరినదని పండితుల అభిప్రాయము. ఐరోపావారు పగటి వెలుగులో వజ్రపు నీటిని పరీక్షింతురనియు, మన దేశపువారు రాత్రివేళ గోడలోని చదరపు గూటిలో పెద్దవత్తి దీపముంచి, రాతిని వ్రేళ్లనడుమ పట్టి చూతురనియు టావర్నియే వ్రాసెను. ఆ దీపపు వెలుగున మన వర్తకులు చూచిన నీరే నేడు ఇంగ్లీషు జాతీయములో మెరయుచున్నది.

ఈ నీరు మన భాషలోనికి కూడ వేరొక కాలువగుండా పారినది. పారసీకములో ‘ఆబ్’ అనగా నీరు. వెలుగు అనియు అర్థము. ‘రూ’ అనగా ముఖము. ముఖమునందలి ఆ తేటదనము ‘ఆబ్రూ’. దానినే మనము ‘ఆబోరు’ అంటిమి. ‘ఆబోరు దక్కించుకొన్నాడు’ అని తెలుగువారు అనునపుడు, పరువు నిలుపుకొన్నాడని అర్థము. ఇంగ్లీషువాని ‘ఫస్ట్ వాటర్’, మన ‘ఆబోరు’ – రెంటను నీటికి వెలుగని అర్థమిచ్చినది ఒకే విధమైన ఊహ. ఒకటి రత్నశాలలో నిలిచినది, ఒకటి మనుష్యుని ముఖమున నిలిచినది.

అయినను ‘మొదటి నీరు’ అని తెలిగించి వజ్రకరూరులో పలికినచో ఏమగును? అచ్చట మొదటి నీరనగా చేనికి పెట్టు మొదటి తడి. ఆ నీరు లేనిదే మరి దేనికిని విలువ లేదు. ఆ ఊరివారికి నీరు ఉపమానము గాదు, ప్రాణము. కావున భావమును చెప్పదలచినపుడు మన ముత్యాల వర్తకుల మాట ఉండనే ఉన్నది: ‘ఆణిముత్యము’. మేలైన మనుష్యునికి ఆ మాట చాలును. మోసగానికి ‘మోసములో ఆరితేరినవాడు’ అని యన్నచో చాలును.

‘రఫ్ డైమండ్’ అనునది వేరొక పలుకుబడి. సానపట్టని వజ్రము. నడవడి మోటు, మాట కరకు, కాని మనసు మంచిది – అట్టివానిని ఇంగ్లీషువారు ఇట్లందురు. దీనికి ‘మట్టిలో మాణిక్యము’ అని మన పుస్తకములలో అర్థము వ్రాయుట కలదు. రెండును రాళ్లే గాని భావములు వేరు. మట్టిలో మాణిక్యమనగా పేదయింట, మారుమూల, ఎవరి కంటను పడక దాగియున్న ప్రతిభ. అందు నడవడిని గూర్చిన ఆక్షేపణ లేదు. ఇంగ్లీషు మాట రాతిని కొని, కోయించి, అమ్ముకొను వర్తకుని దృష్టి. రాతికి ఇంకను పని మిగిలియున్నదని అతడు చూచును. తెలుగు మాట రాతిని మట్టిలో చూచిన వాని దృష్టి. అది కంటబడుటయే గొప్ప. 1881లో వజ్రకరూరున 67 కారట్లకు పైబడిన వజ్రమొకటి దొరకెను. ‘గోర్-డో-నార్’ అని దానికి పేరిడిరి. మద్రాసులోని పి. ఓర్ అండ్ సన్స్ వర్తకుల వద్ద ఆ రాయి కోతపడి 24 కారట్లకు కొంచెము మించి నిలిచెను. మూడింట రెండుపాళ్లు పోయినగాని మెరుపు రాలేదు. ‘రఫ్ డైమండ్’ అను మాటలోని ఆక్షేపణయు, ఆశయు ఇచ్చట బోధపడును. దానికి సరియైన తెలుగు ‘మాట పెళుసు, మనసు వెన్న’.

‘డైమండ్ కట్ డైమండ్’ అనునది ఇట్లే మోసపుచ్చును. ‘వజ్రమును వజ్రముతోనే కోయవలెను’ అని మనకును సామెత యున్నది గదా యని తోచును. మన సామెత ఉపాయమును చెప్పును. ముల్లును ముల్లుతో తీసినట్లు, ఏ జబ్బుకు ఆ మందు. ఇంగ్లీషు పలుకుబడి పోటీని చెప్పును. జిత్తులమారికి జిత్తులమారి ఎదురగుట. దానికి తగినది ‘తాడి దన్నువాని తల దన్నువాడు’. ఒకే వజ్రము, ఒకే కోత. చూచిన కన్నులు వేరు.

ఇంగ్లీషు జాతీయములను గూర్చిన ఈ తికమక మన సీమకు ఎప్పుడు వచ్చినదో తెలిసికొనుట మంచిది. గుత్తికోట 1776లో మురారిరావు చేతినుండి హైదరాలీకి పోయెను. 1799లో ఈ ప్రాంతము నిజాము వశమైనది. 1800లో నిజాము దీనిని కుంఫిణీకి దత్తము చేయగా ‘దత్తమండలములు’ అని పేరు వచ్చెను. మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో 1807 వరకు పాలించెను. తరువాత గవర్నరై, 1827లో పత్తికొండ వద్ద విషూచితో మరణించెను. పాలకునకు ప్రజల భాష రావలెను. ఆ యవసరము నుండియే వ్యాకరణములు, నిఘంటువులు పుట్టినవి. ఏ.డి. కాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషులో ప్రకటించెను. 1817లో మద్రాసు చేరి, 1820లో కడపలో కొలువుచేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, పండితులను కూర్చుకొని పనిచేసి, 1852లో తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. అందు కావ్యముల మాటలతోపాటు జనుల నోటి మాటలకును అతడు చోటిచ్చెను. కచ్చేరీలలో వాడుకయైన అరబ్బీ, పారసీక, ఉర్దూ పదములకు 1854లో వేరుగా నిఘంటువు కూర్చెను. కెప్టెన్ కార్ 1868లో ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’ అను పేర తెలుగు సామెతలను ఇంగ్లీషు తాత్పర్యములతో ప్రకటించుచు, వానికి దీటైన ఐరోపా సామెతలను కూడ చూపెను. పరాయి సామెతను తన మాటలలోనికి మార్చుటతో తృప్తిపడక, తనవారి నోట ఆ భావమును పలుకు సామెతను వెదకుట అతడెరిగిన మార్గము. మనమును ఆ మార్గమునే త్రొక్కవలెను.

ఈ సందర్భమున కాంబెల్ చేసిన వేరొక పని మనకు మిక్కిలి ముఖ్యమైనది. అతడు బళ్లారి కలెక్టరుగా నుండి 1823లో తన జిల్లా బడులను గూర్చి నివేదిక వ్రాసెను. అనంతపురము 1882 వరకు బళ్లారి జిల్లాలోనిదే. కావున వజ్రకరూరు సీమ పిల్లలును ఆ లెక్కలో చేరినవారే. జిల్లా మొత్తమున 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉండిరి. ఆ పిల్లలు పద్యములను పెక్కింటిని ఒప్పజెప్పగలరు గాని, వ్యవహారభాష వేరు, పద్యభాష వేరు అగుటచే అర్థమెరుగరని, చిలుకపలుకుల చందమున చదువుచున్నారని అతడు విచారించెను. రెండువందల యేండ్లు గడచినవి. పద్యము స్థానమున ఇంగ్లీషు జాతీయము వచ్చినది. చిలుక మాత్రము మారలేదు. ‘రెయినీ డే’కు అర్థము వ్రాయగల విద్యార్థిని, ‘వానదినము కష్టదినమెట్లయినది?’ అని యడిగి చూడుడు. సమాధానము రాకున్నచో, తప్పు విద్యార్థిది గాదు. ఆ ప్రశ్నను అతనికెవరును నేర్పలేదు.

రేడియోలో పనిచేయు మాకు ఈ చిక్కు నిత్యకృత్యము. విజయవాడ కేంద్రము 1948లోను, కడప కేంద్రము 1963లోను వెలసిననాటి నుండి రాయలసీమ పల్లెలలో రేడియో మాట వినబడుచున్నది. ఇంగ్లీషున వచ్చిన సమాచారమును క్షణములలో తెలుగు చేయవలెను. పుస్తకము చదువువాడు అర్థము గాని మాటను మరల చదువుకొనగలడు. శ్రోతకు ఆ సావకాశము లేదు. చెవిని దాటిపోయిన మాట పోయినదే. రైతునకు ఋణపు గడువు చెప్పునపుడో, పంటల బీమా చెప్పునపుడో మాట వంకరపోయినచో నష్టపోవువాడు అతడే. కావున మేము రెండు ప్రశ్నలు వేసికొందుము. ఈ మాటలోని బొమ్మ మన నేలమీద నిలుచునా? నిలువనిచో, ఆ భావమును పలుకు మాట మనయొద్ద నున్నదా?

మొదటి ప్రశ్నకు నిలిచిన మాటలున్నవి. ‘మొసలి కన్నీరు’ ఇంగ్లీషు బాటను వచ్చినదైనను, మొసలిని ఎరిగిన మన జాతికి పరాయిది కాలేదు. అరువది యేండ్లు నిండిన సంస్థకు చేయు ‘వజ్రోత్సవము’ ఇంగ్లీషువారి ‘డైమండ్ జూబిలీ’ నుండి వచ్చినది. షష్టిపూర్తి నెరిగిన మనకు అది ఇట్టే ఒదిగిపోయినది. 1946లో చర్చిల్ పలుకగా ప్రసిద్ధికెక్కిన ‘ఇనుప తెర’యు, దాని వెనువెంట వచ్చిన ‘శీతల యుద్ధము’ను లోకవార్తలకు అవసరమై నిలిచినవి.

సగము నిలిచి సగము నిలువని మాటలును కలవు. వ్యయము మెండు, ఫలము సున్నయైన పనిని ‘తెల్ల ఏనుగు’ అనుట పత్రికలలో సామాన్యమైనది. తనకు గిట్టనివానికి సయాము రాజు తెల్ల ఏనుగును కానుకగా పంపుననియు, దానిని మేపలేక పుచ్చుకొన్నవాడు చితికిపోవుననియు ఒక కథ ఐరోపాలో వ్యాపించినది. కాని తెలుగువానికి తెల్ల ఏనుగనగా ఐరావతము. దాని నెక్కువాడు ఇంద్రుడు. అతడే వానకు ఒడయడు, అతని చేతి ఆయుధమే వజ్రము. వానకై ఆకాశమును చూచు ఊరిలో, పనికిరాని కట్టడమును తెల్ల ఏనుగనుట ఎంత ఎదురు మాట! ‘మేపలేని ఏనుగు’ అని ఒక్క మాట మార్చినచో ఎవరికిని సందేహముండదు.

ఉపాధ్యాయులకు మేము చేయు విన్నపము ఒక్కటే. జాతీయమును పట్టికగా గాక ప్రశ్నగా చెప్పుడు. ఈ మాట ఏ ఊరిది, ఏ వృత్తిది, ఆ మాట పుట్టినచోట వాన మెండా, ఎండ మెండా అని పిల్లలచేత అడిగింపుడు. పిమ్మట, ‘మీ యవ్వ దీనిని ఎట్లనును?’ అని యడుగుడు. ఇంటికి పోయి అడిగివచ్చిన పిల్లవాడు రెండు భాషలను ఒకేసారి నేర్చుకొనును. అవ్వ నోటి పలుకుబడి పుస్తకములలోనికి ఎక్కక పోయినచో, ఆమెతోనే పోవును. ఆ నష్టము పరీక్షలో పోయిన మార్కుకంటె పెద్దది.

వజ్రములకు తల్లియైన రాతిని భూగర్భశాస్త్రజ్ఞులు ‘కింబర్లైటు’ అందురు. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పేరిట అది వెలసినది. భూమి లోతులనుండి పైకి తన్నుకొనివచ్చిన ఆ రాతిగొట్టములు వజ్రకరూరు చుట్టుపట్ల నున్నవి. లోకమందలి శాస్త్రగ్రంథములలో ఆ సీమకు ‘వజ్రకరూరు కింబర్లైటు క్షేత్రము’ అనియే పేరు. రాతికి పరాయి పేరు వచ్చినను ఊరికి తన పేరు దక్కినది. భాషలోను అట్లే జరుగవచ్చును. పరాయి మాటను అర్థమెరిగి పుచ్చుకొందము. మన మాటను మరువక నిలుపుకొందము. ‘ఫస్ట్ వాటర్’ అను మాటకు పరీక్షలో అర్థము వ్రాయు వజ్రకరూరు బాలునికి, ఆ నీరు తన తాతముత్తాతల వంటివారు వంగి ఏరిన రాళ్లలో మెరసిన నీరని ఒక్కరు చెప్పినను చాలును. ఆ భాష ముందు అతడు తలవంచి నిలువనక్కరలేదు.